కందెన గొట్టం నుంచి గ్రూపు 2 దాకా

ఒంగోలు ఎడ్లు సరుకు మోసిన కాలంలో ప్రతి బండి కిందా కందెన గొట్టం వేలాడేది. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇరుసుకు పూసేవారు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. ఆముదం పెట్రోలులో సులువుగా కరగదు కూడా. అందుకే మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లు ఆముదంతోనే తిరిగాయి. అయితే ఎక్కువ వేడిలో గాలి తగిలితే అది జిగురు కడుతుంది. పొద్దస్తమానం నడిచే ఆయిల్ ఇంజన్లకు అది పనికిరాలేదు. దాని స్థానంలో ముడి చమురు నూనెలు వచ్చాయి.

ముడి చమురులో పెట్రోలు, డీజిలు పోగా మిగిలిన బరువైన భాగాన్ని వాక్యూమ్‌లో మరిగించి వేరుచేస్తారు. ద్రావకంతో మలినాలు లాగి, మైనం తీసేస్తే బేస్ ఆయిల్. మన దేశంలో ముంబయి, మణలి, హల్దియా రిఫైనరీలు దీన్ని తయారుచేస్తాయి. మనం కొనే ఇంజన్ ఆయిల్‌లో అత్యధిక భాగం ఇదే, మిగిలినవి రసాయనాలు.

మే నెలలో రెంటచింతల ఎండకు నూనె ఎంత పలచబడుతుందన్నది అసలు ప్రశ్న. 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు దానికో కొలత పెట్టారు: పెన్సిల్వేనియా నూనెకు 100, గల్ఫ్ తీరపు నూనెకు సున్నా. అదే స్నిగ్ధతా సూచిక. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ చేసిన బేస్ ఆయిల్ గ్రూపులు దీని మీదా, గంధకం మీదా, సంతృప్త హైడ్రోకార్బన్ల మీదా నిలిచాయి. సంతృప్తాలు 90 శాతానికి తగ్గినా, గంధకం 0.03 శాతం మించినా గ్రూపు 1. రెండూ హద్దులో ఉండి సూచిక 80 నుంచి 120 లోపైతే గ్రూపు 2. 120, ఆపైన గ్రూపు 3. ఈ రెండింటికీ ద్రావకం చాలదు. అధిక పీడనంలో హైడ్రోజన్‌తో అణువులనే మార్చాలి. అలా వచ్చిన నూనె దాదాపు నీళ్లలా తేటగా ఉంటుంది.

2020 ఏప్రిల్ 1న వాహనాలకు బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది భాగాలకు దిగింది, పొగ గొట్టంలో ఫిల్టర్లు చేరాయి. వాటిని పాడుచేయని ఇంజన్ ఆయిల్‌కు శుభ్రమైన బేస్ ఆయిల్ కావాలి. గిరాకీ అటు మళ్లింది. కానీ దుకాణంలో డబ్బా మీద పెద్దగా కనిపించే 20డబ్ల్యు-40 చిక్కదనాన్నే చెబుతుంది. లోపలి నూనె ఏ గ్రూపుదో చెప్పదు. కొనే రైతుకు ఆ సంగతి డబ్బా మీద తెలియాలనే నేను గట్టిగా అంటాను. డీజిల్ ఇంజన్‌లో నూనె నల్లబడగానే కల్తీ అనుకోవడమూ తప్పే. మసిని అడుగున పేరనివ్వకుండా తనలో పట్టి ఉంచడం దాని పని.

ధర సంగతి వేరు. బేస్ ఆయిల్ అయ్యే ముడిసరుకే డీజిల్ కూడా కాగలదు. 2022లో ప్రపంచ విపణిలో డీజిల్ ఎగబాకినప్పుడు రిఫైనరీలకు అటే లాభం కనిపించింది, బేస్ ఆయిల్ ధరలూ పెరిగాయి. దిగుమతుల మీద బాగా ఆధారపడిన మనకు ఆ దెబ్బ తగలక తప్పదు.

ఐరోపాలోనూ ఇతర చోట్లా పాత గ్రూపు 1 ప్లాంట్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. నష్టం ఇక్కడ మొదలవుతుంది. బాగా చిక్కనైన బ్రైట్‌స్టాక్ ఎక్కువగా ఆ ప్లాంట్ల నుంచే వస్తుంది. గుంటూరు, చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల గేర్‌బాక్సులకు పోసే చిక్కటి గేర్ ఆయిల్‌కు అది ఆధారం. కృత్రిమ పాలిమర్లతో ఆ చిక్కదనం తేవచ్చు, కాకపోతే ఖర్చు ఎక్కువ. పత్తి సీజన్‌లో ఆ ఖర్చు మిల్లు లెక్కల్లోకి ఎక్కుతుంది.