ఒకే యంత్రంలో రెండు వరుసలు: బైట్ ఆర్డర్ అపోహలు – వాస్తవాలు

చెన్నైలోని మాధవరం పిన్‌కోడ్ 600060. మొదటి 6 తపాలా మండలాన్ని, చివరి మూడంకెలు పంపిణీ చేసే ఆఫీసును చెబుతాయి. అంటే పెద్దది ముందు (కంప్యూటర్ భాషలో బిగ్ ఎండియన్). ఆంధ్రా బస్సుల కోసం 2018లో అక్కడ తెరిచిన బస్‌స్టాండులో టికెట్ కొంటే తేదీ రోజుతో మొదలై ఏడాదితో ముగుస్తుంది. అంటే చిన్నది ముందు (లిటిల్ ఎండియన్). అయినా ఎవరూ తికమకపడరు. ఎటునుంచి చదవాలో నిర్ణయించేది ఆ రాత తాలూకు ఒప్పందమే, చదివే మనిషి కాదు. (మన పాత శాసనాల్లో శకవర్షాన్ని మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచే మొదలుపెట్టేవారు, లిటిల్ ఎండియన్ మనకు కొత్తేమీ కాదు.)

ఒక సంఖ్య బైట్లను మెమరీలో ఏ వరుసలో పెట్టాలన్నదీ ఇలాంటి ఒప్పందమే. అసలు యంత్రం హోస్టు, దాని మీద నడిచే వర్చువల్ యంత్రం గెస్టు. ‘హోస్టూ గెస్టూ ఒకే ప్రాసెసర్ మీద నడుస్తాయి, ఇక బైట్ల వరుసలో తేడా ఎక్కడిది?’ అన్నది వర్చువల్ పరికరాల డ్రైవర్ల విషయంలో అన్నిటికన్నా మొండి అపోహ. అనుభవం లేనివాళ్లదే అనుకోనక్కర్లేదు. గెస్టుకు వర్చువల్ పరికరాలను అందించేందుకు రస్టీ రస్సెల్ రూపొందించిన విర్ట్‌ఐవో 2008లో లినక్స్ 2.6.24తో వచ్చినప్పుడు అదీ గెస్టు సొంత వరుసనే ప్రమాణంగా పెట్టుకుంది. కానీ పవర్, ఆర్మ్ ప్రాసెసర్లు రెండు వరుసల్లోనూ పనిచేయగలవు. లిటిల్ ఎండియన్ హోస్టు మీద బిగ్ ఎండియన్ గెస్టు లేస్తే, ఒకరు రెండు బైట్లలో రాసిన 1500 రెండోవారికి 56325గా కనిపిస్తుంది. అందుకే పాపం, ఆ పరికరాలను అనుకరించే క్యూఎము, పరికరం రీసెట్ అయ్యే క్షణంలో గెస్టు ప్రాసెసర్ ఏ వరుసలో ఉందో తొంగిచూసి గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత ఓఎసిస్ సంస్థ ప్రమాణంగా వచ్చిన విర్ట్‌ఐవో 1.0 ప్రాసెసర్ ఏదైనా పరికరం ఫీల్డులు లిటిల్ ఎండియనే అని తేల్చింది. పాత పరికరాలనూ నడపాల్సిన లినక్స్ డ్రైవర్ ఇప్పుడు అడిగేది ప్రాసెసర్‌ను కాదు. వెర్షన్ 1 ఫీచర్ బిట్‌ను ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయా అని చూస్తుంది.

‘బిగ్ ఎండియన్ యంత్రాలు ఇంకా ఎక్కడున్నాయి? ఈ మార్పిళ్లతో వేగం తగ్గదా?’ అనేవాళ్లున్నారు. ఐబీఎం జెడ్ మెయిన్‌ఫ్రేముల మీద లినక్స్ ఇప్పటికీ బిగ్ ఎండియన్‌గానే నడుస్తోంది. ఇక వేగం సంగతి: తానే లిటిల్ ఎండియన్ అయిన ఎక్స్86 మీద లిటిల్ ఎండియన్ మార్పిడి మాక్రో ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ను కూడా పుట్టించదు. చిక్కంతా అక్కడే ఉంది. మార్పిడి రాయడం మరిచిపోయినా ఎక్స్86 మీద పరీక్ష నెగ్గుతుంది. స్పార్స్ అనే కోడ్ తనిఖీ సాధనం మాత్రం బిగ్ ఎండియన్ యంత్రం లేకుండానే తప్పు పట్టుకుంటుంది. లిటిల్ ఎండియన్‌గా ప్రకటించిన విలువను మామూలు సంఖ్యలా వాడితే హెచ్చరిస్తుంది.

ఇది విని, ఎందుకైనా మంచిదని కనబడ్డ ప్రతి విలువనూ తిప్పేయడం ఇంకో అపోహ. రెండుసార్లు తిప్పితే కథ మొదటికొస్తుంది. లినక్స్‌లో రీడ్‌ఎల్ అనే ఫంక్షన్ పీసీఐ రిజిస్టర్‌ను చదివేటప్పుడే మార్పిడి చేసి ఇస్తుంది. మ్యాక్ అడ్రస్ ఆరు బైట్ల వరుసే తప్ప సంఖ్య కాదు, దాన్ని తిప్పేదేమీ లేదు. విర్ట్‌ఐవో 1.0 నెట్‌వర్క్ బఫర్‌లోనైతే ముందుండే విర్ట్‌ఐవో హెడర్ లిటిల్ ఎండియన్, వెనక వచ్చే ప్యాకెట్‌లోని ఐపీ హెడర్ బిగ్ ఎండియన్. బిగ్ ఎండియన్ గెస్టులో డ్రైవర్ మొదటిదాన్ని తిప్పాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు.