ఫైలు చిరునామా

“పక్క వీధిలో మూడో ఇల్లు” అంటే ఏ ఇల్లు? మనం నిలబడిన చోటును బట్టి అది మారిపోతుంది. ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నీ చెబితే ఎక్కడి నుంచి బయలుదేరినా ఒకే ఇంటికి చేరతాం.

కంప్యూటరులోని ఫైళ్ళకూ ఈ రెండు రకాల చిరునామాలున్నాయి. ఫైళ్ళను ఉంచే అరను డైరెక్టరీ అంటారు. 1969లో బెల్ ప్రయోగశాలలో మొదలైన యూనిక్స్‌లోనూ, దాని బాటలో నడిచే లినక్స్‌లోనూ ఏటవాలు గీతతో మొదలయ్యేది పూర్తి చిరునామా. గీత లేకుండా ‘మార్కులు’ అని పేరు మాత్రమే ఇస్తే, కంప్యూటరు ఆ ఫైలును ‘ప్రస్తుత డైరెక్టరీ’లో వెతుకుతుంది.

ప్రస్తుత డైరెక్టరీ అంటే ప్రోగ్రాము ఉన్న చోటు కాదు. మనం ఎక్కడ ఉండి దాన్ని నడిపించామో ఆ చోటు! పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రామూ, మార్కుల ఫైలూ ‘బడి’ అనే డైరెక్టరీలో ఉన్నాయనుకోండి. ‘ఆటలు’ అనే డైరెక్టరీలో ఉండి ఆ ప్రోగ్రామును నడిపిస్తే ఫైలు దొరకదు. అక్కడ అదే పేరుతో మరో ఫైలుంటే మరీ ప్రమాదం. ప్రోగ్రాము దాన్నే తుడిచి కొత్త మార్కులు రాసేయవచ్చు!

మరి ఉపాయమేమిటి? ఇరువైపులా రెండేసి అడుగు గీతలతో రాసే ‘ఫైల్’ అన్న పేరు, పైథాన్‌లో ప్రోగ్రాము ఉన్న చోటును చెబుతుంది. అక్కడి నుంచి పూర్తి చిరునామా కట్టుకుంటే, ఎక్కడి నుంచి నడిపించినా ఆ మార్కుల ఫైలే తెరుచుకుంటుంది.