బండి కూతతో తెరలేచే నాట్యం

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్ల చెవికి బండి కూత ఆనదు. మథురాకాటీ రైల్వే క్వార్టర్సులో అది కాకి అరుపుతో సమానం. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలకి మాత్రం మొదటి రాత్రి కంటిమీద కునుకుండదు. అలాంటి చప్పుడుతోనే మొదలయ్యే నాట్యం ఒకటి ఉందని మీకు తెలుసా? దూరంగా రైలు నడిచే చప్పుడు, గంటల మోత, ఆ తర్వాతే మనుషులు. పేరు 'బ్లూస్ సూట్'. 1958 మార్చి 30న న్యూయార్కులో తొలిసారి ఆడారు. కూర్చినవాడు ఆల్విన్ ఎయిలీ, 27 ఏళ్ల నల్లజాతి యువకుడు. ఈనాటికీ నడుస్తున్న ఆయన నాట్యబృందం పుట్టింది ఆ ప్రదర్శనతోనే.

ఎయిలీ జీవితంలోనూ రైలుంది. 1931 జనవరి 5న టెక్సస్‌లోని రోజర్స్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లి లూలాకి అప్పటికి 17 ఏళ్లు. తండ్రి కొన్ని నెలలకే వదిలేసి వెళ్లిపోయాడు. తల్లి పత్తి ఏరింది, ఇళ్లల్లో పాచిపని చేసింది. పిల్లాడూ ఆమె వెంట పత్తిచేలో దిగాడు. 1942లో యుద్ధం పనులు దొరుకుతాయని విని ఆమె లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. బడి సంవత్సరం పూర్తయ్యాక కొడుకు రైలెక్కి ఆమె దగ్గరికి చేరాడు. ఉత్తరాంధ్ర నుంచి ముందు ఒకరు వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.)లో పని చూసుకుని, తర్వాత ఇంటిల్లిపాదినీ రప్పించుకున్న కథలు ఖరగ్‌పూర్‌లో గడపకొకటి. ఈ రైలు ప్రయాణం మనకి విప్పి చెప్పక్కర్లేదు.

లాస్ ఏంజిలిస్‌లో లూలా విమానాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసింది. మరి రెండేళ్లకి అమెరికా విమానాలు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల దిగాయి. ఆమె కంపెనీవి కావులెండి, ఇవి బి-29 బాంబర్లు. వాటి పెద్దాఫీసు హిజ్లీ జైలు భవనంలో ఉండేది. తర్వాత 1951లో ఐఐటీ మొదలైంది అక్కడే. 1944 జూన్ 5న ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేల మీదినుంచి లేచిన విమానాలే బ్యాంకాక్ మీద బాంబులు వేశాయి. అదే యుద్ధంలో అస్సాంలోని లేడో నుంచి కొండల్లో రోడ్డు వేసిన దాదాపు 15,000 మంది అమెరికా సైనికుల్లో సగానికి పైగా నల్లవాళ్లు. కలకత్తా గ్రాండ్ హోటల్లో జాజ్ పియానో వాయించిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ కూడా నల్లజాతివాడే. 1945లో కలరా సోకి కలకత్తాలోనే పోయాడు.

ఎయిలీని నాట్యం దగ్గరికి చేర్చింది బడి స్నేహితురాలు కార్మెన్ డి లావలాడ్. 1949లో ఆమె తీసుకెళ్లిన చోటు లెస్టర్ హార్టన్ స్టూడియో. హార్టన్ తెల్లవాడు, అన్ని జాతులవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి నేర్పినవాడు. ఆయన 1953లో హఠాత్తుగా పోతే, కొత్త నాట్యాలు కట్టే బరువు 22 ఏళ్ల ఎయిలీ మీద పడింది.

అంతకు ముందే, కుర్రతనంలో, కేథరిన్ డనమ్ ప్రదర్శన చూసి అతని మతిపోయింది. ఆమె ఒక పక్క నర్తకి, ఇంకో పక్క మానవశాస్త్రం చదివి హైతీ, జమైకా తిరిగి అక్కడి నాట్యాలు నేర్చుకున్న పరిశోధకురాలు. 1944లో లూయీవిల్ ఊళ్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టారని, ఆట అయ్యాక రంగస్థలం మీదినుంచే ఇక ఈ థియేటర్‌లో ఆడనని చెప్పేసింది.

గ్యాంగ్‌మన్ల ఇళ్లల్లో పెరిగినవాళ్ల కోసం ఇంకో విశేషం. అమెరికాలో పట్టాల మీద పనిచేసే కూలీలని 'గ్యాండీ డాన్సర్లు' అనేవారు. దక్షిణాదిన వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. వంపులో పట్టా పక్కకి జరిగితే వరసగా నిలబడి గడ్డపారలు కిందకి దూర్చేవారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అందుకుంటారు, దరువు పడ్డ చోట అందరూ ఒక్క ఊపున తోస్తారు. అచ్చం మన 'ఐలేసా'యే! దూరం నుంచి చూసేవాళ్లకి నాట్యంలా కనబడేదట. ఎయిలీ కాలపు మరో నల్లజాతి నాట్యకర్త డానల్డ్ మెకేల్ ఇలాంటి పనిపాటలనే తీసుకుని, సంకెళ్లతో రాళ్లు కొట్టే ఖైదీల మీద 1959లో ఒక నాట్యం కట్టాడు.

ఇక 'రివెలేషన్స్'. దీని దగ్గర కాసేపు ఆగాలి. 1960 జనవరి 31న మొదటి ఆట; అప్పటికి ఎయిలీకి 29 నిండి నెల కూడా కాలేదు. మొదట గంట పైనే ఉండేది, తర్వాత తగ్గించి తగ్గించి 36 నిమిషాలకి తెచ్చాడు. సరుకంతా చిన్నప్పటి ఊరి చర్చిదే: దుఃఖం, నీళ్లలో బాప్తిస్మం, ఆదివారం ఆరాధన. నది కావాలి కదా, దానికి రంగస్థలం ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగాటి గుడ్డలు పట్టుకుని ఊపుతారు, అంతే. తెల్లబట్టల్లో ఒకావిడ పెద్ద గొడుగు పట్టుకుని ఆ అలల మధ్య నడిచి వస్తుంది. చివరి భాగంలో పసుపుపచ్చ గౌన్లు, టోపీలు, చేతుల్లో విసనకర్రలు. ముక్కాలి పీటల మీద కూర్చుని, చెమట పోస్తున్నట్టు విసురుకుంటూ, పక్కావిడతో చాడీలు చెప్పుకుంటున్నట్టే ఆడతారు.

మా పిన్నికి ఫోనులో ఈ ముక్క చూపించాను. "గుడ్డతో గెడ్డ పారించీసినారే!" అంది. బాప్తిస్టు సంఘంలో పెరిగిన మనిషి. ముంచే బాప్తిస్మం అంటే ఏమిటో ఆమెకి తెలుసు. తెలుగు నేలకి ఆ మాట కొత్తది కాదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

'రివెలేషన్స్'ని 71 దేశాల్లో రెండున్నర కోట్ల మంది చూశారని బృందం చెప్పుకుంటుంది. 1970లో సోవియట్ యూనియన్ వెళ్తే లెనిన్‌గ్రాడ్‌లో చప్పట్లు 20 నిమిషాలు దాటాయి.

మన దేశపు వాసన కొంచెం ఎయిలీకి తగిలింది. 1957లో బ్రాడ్‌వేలో 'జమైకా' అనే సంగీత నాటకంలో ఆడాడు. దానికి నాట్యం కూర్చింది జాక్ కోల్. ఈయన భారతీయ నాట్యం నేర్చుకుని, ఆ చేతులనీ మెడ విసుర్లనీ అమెరికా జాజ్ దరువు మీద ఆడించినవాడు. చాదస్తులకి ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం సరదాగా ఉంది. తిరుగు బాకీ కూడా తీరిందనుకోండి: టీవీ డాన్సు పోటీల్లో జడ్జిగా కూర్చునే టెరెన్స్ లూయిస్ న్యూయార్కులో ఎయిలీ సంస్థలో శిక్షణ పొందినవాడే.

1971లో తల్లి పుట్టినరోజుకి ఎయిలీ ఇచ్చిన కానుక కూడా నాట్యమే. 16 నిమిషాల నాట్యం కట్టి ఇచ్చాడు. పేరు 'క్రై'. ఆడేది ఒక్కతే. చేతిలో పొడుగాటి తెల్లగుడ్డ. అది కాసేపు నేల తుడిచే మసిగుడ్డ, కాసేపు భుజాల మీద శాలువా, ఇంకాసేపు తలపాగా. పాచిపని చేసిన తల్లికి కొడుకు ఇచ్చిన పుట్టినరోజు కానుకలో నేల తుడవడం ఉందన్నమాట! మొదట ఆడింది జూడిత్ జామిసన్, పొడుగాటి మనిషి. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపున ఆడటం ఆమెకి ప్రదర్శన రోజే మొదటిసారి. అంతదాకా ముక్కముక్కలుగానే సాధన చేసింది.

1989 డిసెంబర్ 1న ఎయిలీ ఎయిడ్స్‌తో పోయాడు. ఆ జబ్బు పేరు బయటికి రానివ్వొద్దని, రక్తానికి సంబంధించిన వ్యాధి అని చెప్పమని డాక్టరుని ముందే కోరాడు. అమ్మ నలుగురిలో తలవంచుకోకూడదని. బృందం జామిసన్ చేతికి వచ్చింది. 2004లో ఎయిలీ బొమ్మతో తపాలా బిళ్ల వేశారు. 2014లో అధ్యక్షుడు ఒబామా ఆయనకి మరణానంతరం అమెరికా అత్యున్నత పౌర పతకం ప్రకటించాడు. బుధగ్రహం మీద ఒక గుంటకీ ఆయన పేరే పెట్టారు.

'బ్లూస్ సూట్' మొదలు మా బాబాయికి కూడా వినిపించాను. రిటైరైన డ్రైవరు. స్టీము దగ్గర ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ మీదుగా కరెంటింజను దాకా వచ్చినవాడు. బొమ్మ చూడలేదు, ఫోను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. మనుషులు ఆడటం మొదలెట్టేలోపే ఫోను తిరిగి నా చేతిలో పెట్టి, "ఇదేటి, ఎవుడిదో బండి సిగ్నలు దగ్గిర ఆపీకుండా పోతన్నాది" అన్నాడు.