స్కిజోఫ్రీనియా: మందుకు తోడుగా వ్యాయామం

స్కిజోఫ్రీనియా మెదడు పనితీరుకు సంబంధించిన తీవ్ర వ్యాధి. ఇది ఎక్కువగా యౌవనంలో బయటపడుతుంది. దీని లక్షణాలు ప్రధానంగా రెండు విధాలు. ఎదుట ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, ఎవరో కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం మొదటి విధం. ఉత్సాహం ఉడిగిపోవడం, మాటలు తగ్గడం, నలుగురిలోకి రాకపోవడం, స్నానం వంటి నిత్యకృత్యాలపై సైతం ఆసక్తి లేకపోవడం రెండవ విధం. వీటికి తోడు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత సన్నగిల్లుతాయి.

మందులు మొదటి విధపు లక్షణాలను చాలామందిలో అదుపు చేస్తాయి. రెండవ విధపు లక్షణాలపై వాటి ప్రభావం స్వల్పం. ఈ భేదం తెలియని కుటుంబాలు, వ్యాధి తగ్గినా మంచం దిగడం లేదని ఆ వ్యక్తిని సోమరి అని నిందిస్తాయి. అది సోమరితనం కాదు. వ్యాధిలో మిగిలిన భాగం. వ్యాయామం ప్రధానంగా తోడ్పడేది ఇక్కడే.

శరీరారోగ్యానికి కూడా దాని అవసరం ఉన్నది. ఈ వ్యాధిగ్రస్తుల ఆయుర్దాయం ఇతరులకంటే 10 నుండి 20 సంవత్సరాలు తక్కువని పలు దేశాల అధ్యయనాలు తెలుపుతున్నాయి. గుండెజబ్బులు ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఆకలిని, బరువును పెంచుతాయి; మధుమేహానికి దారితీయవచ్చు. కదలిక లేని జీవనం, పొగతాగే అలవాటు ఆ ముప్పును మరింత పెంచుతాయి.

బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనంలో 61 మంది రోగులు మందులు కొనసాగిస్తూనే, కొందరు యోగాభ్యాసం, కొందరు వ్యాయామం చేశారు. నాలుగు నెలలకు రెండు వర్గాలలోనూ లక్షణాలు తగ్గాయి. యోగా చేసినవారిలో మెరుగుదల ఎక్కువ. జర్మనీలో 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, మూడు నెలలు సైకిలు యంత్రం తొక్కినవారి మెదడులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 12 శాతం పెరిగింది. అయితే పాల్గొన్నవారు కొద్దిమందే. తరువాతి అధ్యయనాలన్నింటిలో ఈ ఫలితం కనబడలేదు. వారానికి సుమారు 90 నిమిషాల పాటు, కొంత ఆయాసం కలిగేంత వ్యాయామం చేస్తే లక్షణాలు తగ్గుతాయని 2015 నాటి ఒక సమీక్ష తేల్చింది.

మొదటి రోజునే అరగంట నడవమని ఒత్తిడి చేయరాదు. పది నిమిషాలతో ఆరంభించి మెల్లగా పెంచడం మేలు. రాత్రి మాత్రల మత్తు ఉదయం వదలనివారికి సాయంకాలం అనుకూలం. “వెళ్లి నడిచి రా” అని చెప్పడం కంటే ఇంటివారిలో ఒకరు వెంట నడవడం ఫలిస్తుంది. కొన్ని మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. కాబట్టి ఎండవేళ మాని, తరచుగా నీరు తాగించాలి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా పొందాలి.

వ్యాయామం మందుకు తోడే గాని, మారు కాదు. హుషారు వచ్చిందని మాత్రలు మానివేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం అధికం. మోతాదు మార్చే నిర్ణయం వైద్యునిదే.

కన్నడం అంతగా రానివారు తమ ఇంటి పరిస్థితిని వైద్యునికి వివరించడానికి జంకనవసరం లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవలో, 14416 సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనూ ఉచితంగా సలహా పొందవచ్చు. ఈ సేవ రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది.