డోలు ఉంది.. మోసే భుజమేదీ?

మారేడుమిల్లి: ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చే యాత్రికులు ఇక్కడ బొంగులో చికెన్ తింటారు. జలపాతాలు చూస్తారు. ఎక్కడైనా కొమ్ము ఆట కనిపిస్తే ఫొటో తీసుకుని బస్సెక్కుతారు. ఆ ఆట ఎవరు నేర్పారు, ఆ డోలు ఏం చెబుతోంది అని అడిగేవారు తక్కువ. గిరిజన కళలకు పద్మశ్రీ గౌరవం తెచ్చిన ఇద్దరు పెద్దలు 2024లో నాలుగు నెలల తేడాతో కన్నుమూశారు. ఇద్దరూ వేరే జిల్లాల వారే. అయినా వారి బతుకులో మన మన్యం కళాకారులు తెలుసుకోవలసిన సంగతి ఉంది.

వంశం చెప్పే డోలు

మొదటివారు సకిని రామచంద్రయ్య. ఊరు కూనవరం. శబరి కలిసే చోట ఉన్న మన కూనవరం కాదు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని కూనవరం. ఆయన కోయ డోలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 జూన్‌లో మరణించారు.

కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అంటూ గట్లు ఉన్నాయి. ఒకే గట్టు వారి మధ్య పెళ్లి కుదరదు. ఏ ఇంటిపేరు ఏ గట్టుకు చెందింది, ఆ గట్టు వేల్పు ఎవరు, మూలపురుషులు ఎక్కడి నుంచి వచ్చారు అన్నది పాడి చెప్పేవారు డోలీలు. బొమ్మలున్న మూడు మూలల గుడ్డ జెండాను పడిగె అంటారు. ఆ పడిగె విప్పి, డోలు వాయిస్తూ కథ ఎత్తుకుంటారు. సమ్మక్క సారలమ్మల కథ కూడా ఇలాగే తరతరాలుగా నిలిచింది. రామచంద్రయ్య ఆ కథలను కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడేవారు. ఆయన చదివింది బడిలో కాదు, పెద్దల వెంట డోలు మోసుకుంటూ తిరిగిన జాతరల్లో. కథలన్నీ నోటికే వచ్చు. అటువంటి మనిషి పోతే పోయేది ఒక గాయకుడే కాదు, కొన్ని గట్ల చరిత్ర కూడా.

మర్లవాయి గుస్సాడీ

రెండోవారు కనకరాజు. ఆసిఫాబాద్ ప్రాంతంలోని మర్లవాయి గోండు గూడెం ఆయనది. ఆ ఊరికీ మన కొండలకూ ఒక చుట్టరికం ఉంది. 1940ల్లో హైమండార్ఫ్ అనే పరిశోధకుడు మర్లవాయిలో కాపురముండి గోండుల గురించి రాశారు. పాపికొండల కొండరెడ్ల మీద 1945లో పుస్తకం అచ్చువేసిందీ ఆయనే.

దీపావళికి గోండులు దండారి జరుపుతారు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కర్రతో గుస్సాడీలు ఊరూరా తిరిగి ఆడతారు. కనకరాజు ఆ ఆటను ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే ఢిల్లీ దాకా తీసుకువెళ్లారు. ఆశ్రమ పాఠశాలలో వంటపని చేసుకుంటూ బతికారు. కుర్రాళ్లకు అడుగులు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు.

పద్మశ్రీతో డబ్బు రాదు. ఒక పతకం, రాష్ట్రపతి సంతకమున్న పత్రం ఇస్తారు. ఈ గౌరవం వచ్చేనాటికి ఇద్దరూ ముసలితనంలో ఉన్నారు. వారిని అన్నాళ్లు కళాకారులుగా నిలిపింది జాతరకు పిలిచిన జనం, దండారికి ఎదురుచూసిన గూడెం. ఈ సంగతి మనం మరవరాదు.

మన కొండల్లో పరిస్థితి

చింతూరు, వి.ఆర్.పురం వైపు కోయలు పెళ్లిళ్లకు, పండుగలకు కొమ్ము ఆట ఆడతారు. మగవారు అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టి, పొడవాటి డోళ్లు మెడకు తగిలించుకుంటారు. దున్నపోతులు తలపడినట్టు ఒకరినొకరు కమ్ముతారు. ఆడవారు చేతులు కలిపి రేల పాటలతో అడుగు వేస్తారు. మారేడుమిల్లి చుట్టుపక్కల కొండరెడ్లకు మామిడి కొత్తల పండుగకు పాటా ఆటా ఉండనే ఉన్నాయి.

అయితే చిక్కులూ ఉన్నాయి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిదున్నను వేటాడటం నేరం. అది సబబే. కనుక తాతల నాటి కొమ్ములను పదిలంగా దాచుకోవాలి. ఒక జత విరిగితే మళ్లీ దొరకదు. రెండో చిక్కు వేదిక. ఊళ్లో తెల్లవార్లూ సాగే ఆటను సభల్లో పది నిమిషాల్లో ముగించమంటారు. పదే పదే అలా ఆడితే అడుగులు మిగులుతాయి గానీ పాట మరుగున పడుతుంది. మూడోది వలస. పోలవరం ప్రాజెక్టు కోసం దేవీపట్నం మండలంలోని గోదావరి ఒడ్డు ఊళ్లు ఖాళీ అయి కాలనీలకు చేరాయి. ఒక ఊరి జనం నాలుగు దిక్కులా సర్దుకుంటే జట్టు కూడేదెలా? వేల్పు చెట్టు నీట మునిగితే ఎక్కడ ఆడాలి?

చేయదగిన పనులు

పాటలు తెలిసిన పెద్దలు ఇంకా గూడేల్లో ఉన్నారు. రంపచోడవరం, చింతూరు ఐటీడీఏలు వారిని వారానికి ఒక పూట ఆశ్రమ పాఠశాలలకు పిలిపించి, కూలి గిట్టేలా భత్యం ఇస్తే పిల్లలు నేర్చుకుంటారు. యాత్రికుల ముందు ఆడించేవారు కూడా జట్టుకు న్యాయమైన సొమ్ము ముట్టజెప్పాలి.

సర్కారు చేసే దాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. కుర్రాళ్లందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. ఈసారి పండుగకు సినిమా పాట పక్కనబెట్టి, తాత పాడే పాటను మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయాలి. ఏ గట్టు కథ, ఎవరు పాడారు, ఏ ఊరు అన్నది రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత డోలును ఒకసారి భుజాన వేసుకుని చూడాలి. రామచంద్రయ్య, కనకరాజు మొదలుపెట్టింది కూడా ఊళ్లోనే, పెద్దల పక్కన నిలబడే.