ఎవరి చెయ్యి ఎక్కువ వేగం?

2021లో ‘సార్పట్ట’ సినిమా వచ్చాక బాక్సింగ్ గురించి వాదించనివాళ్ళు తగ్గిపోయారు. అది ఉత్తర మద్రాసు బాక్సింగ్ పరంపరల కథ. పళ్ళిపట్టు, పొదటూరుపేట లాంటి చోట్ల దాన్ని అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చూసినవాళ్ళూ ఉన్నారు. అందులోని డాన్సింగ్ రోజ్ పాత్ర దగ్గర మొదలైన మాట తిరిగి తిరిగి అలీ దగ్గరికో, టైసన్ దగ్గరికో, పాకియావో దగ్గరికో చేరుతుంది. అందరిలోకీ చెయ్యి వేగం ఎవరిది? ఈ ప్రశ్నకు జనం ఢంకా బజాయించి చెప్పే జవాబుల్లో చాలావాటికి ఆధారం లేదు.

అపోహ: జాక్ డెంప్సీ కాలం నాటి రీళ్ళు చూడండి, చేతులు మెరుపుల్లా ఆడతాయి. అంత వేగం ఇప్పుడెవరికీ లేదు.

1919 జులై 4న టొలెడోలో డెంప్సీ తనకన్నా ఎంతో భారీ మనిషైన జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. అది నిజం. మెరుపు మాత్రం చాలావరకు రీలుది. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు పదహారో పద్దెనిమిదో ఫ్రేములు పడేవి. దాన్ని తర్వాతి కాలపు 24 ఫ్రేముల లెక్కన ఆడిస్తే ప్రతి కదలికా ఒకటిన్నర రెట్ల దాకా తొందరపడుతుంది. అనుమానం ఉంటే పిడికిలిని వదిలి రిఫరీ నడక చూడండి. ఆయనా బస్సు తప్పిపోతుందన్నట్టే నడుస్తుంటాడు. దీనికి తోడు అప్పటి గ్లౌజులు ఐదారు ఔన్సులే. ఇప్పుడు ప్రొఫెషనల్ పోటీల్లో 147 పౌండ్ల బరువు వరకు ఎనిమిది, ఆపైన పది ఔన్సులు.

షుగర్ రే రాబిన్సన్ సంగతి ఇంకో రకం. అతన్ని మించిన బాక్సర్ లేడని ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ. కానీ 1940లలో, అతను వెల్టర్‌వెయిట్‌గా మంచి ఊపులో ఉన్నప్పటి పోటీల ఫిల్ము మనకు దక్కింది చాలా కొంచెం. మనం చూసేది ఎక్కువగా ముప్ఫై దాటిన రాబిన్సన్‌ను. పక్కన పెట్టి పోల్చడానికి అసలు బొమ్మే లేనప్పుడు తీర్పు ఎలా చెబుతాం?

అపోహ: యంత్రాలు పెట్టి కొలిచారు, అలీయే మొదటివాడని తేలింది.

కొలిచారు, నిజమే. 1969లో, అలీ మీద నిషేధం ఉన్న రోజుల్లో, అమెరికా పత్రిక ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ అతని జాబ్‌ను, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దును, కొలిపించింది. పదహారున్నర అంగుళాల దూరాన్ని అతని పిడికిలి సెకనులో నూటికి నాలుగు వంతుల కాలంలో దాటింది. అంటే సెకనుకు పదిన్నర మీటర్లు. 1985లో బ్రిటన్‌లో ఫ్రాంక్ బ్రూనో గుద్దును కొలిస్తే, తగిలే క్షణంలో వేగం సెకనుకు 8.9 మీటర్లు వచ్చింది. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల సగటు 9.14 మీటర్లు. ఒకచోట కొలిచింది జాబ్, ఇంకోచోట బలమంతా పెట్టి కొట్టిన గుద్దు. ఒకచోట దారి మొత్తానికి సగటు, ఇంకోచోట తగిలే క్షణపు వేగం. వీటిని ఒక పట్టీలో పేర్చి ర్యాంకులు ఇవ్వడం కుదరదు.

అయినా ఆ అంకెల్లో ఒక చమత్కారం ఉంది. బ్రూనో హెవీవెయిట్. కర్రలా బిగుసుకుపోయి ఆడతాడని పేరు. అతని పిడికిలి కూడా ఆ ఒలింపిక్ బాక్సర్ల సగటుకు దాదాపు సమానంగానే వచ్చింది. ఆ ఏడుగురిలో ఫ్లైవెయిట్ నుంచి సూపర్ హెవీవెయిట్ దాకా ఉన్నారు. పెద్ద ఒళ్ళుంటే చెయ్యి నిదానం అన్న మాట కూడా దీంతో పల్చబడిపోతుంది.

మరి అలీ వేగంగా, బ్రూనో నిదానంగా కనిపించారెందుకు? అసలు విషయం ఇక్కడుంది. కంటికి ఏదైనా కనబడి ఒళ్ళు కదలడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. బ్రూనో గుద్దు అర మీటరు దూరాన్ని సెకనులో పదో వంతులో దాటేసింది. కాబట్టి పిడికిలిని చూసి తప్పుకునే మనిషి లేడు. బాక్సర్ చూసేది భుజం, మోకాలు, పాదం మీద పడే బరువు. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు నాడెను కళ్ళతో వెంటాడడు, చేతి లాగుడును బట్టే అదెక్కడుందో అతనికి తెలుస్తుంది. ఇదీ అంతే. ఆ ముందస్తు జాడ ఇవ్వకుండా కొట్టేవాడి చెయ్యి వేగంగా తోస్తుంది. అలీ చేతులు నడుము దగ్గర వేలాడేవి, జాబ్ ఎదుటివాడి చూపు కింది నుంచి వచ్చేది. అడుగులతో దూరాన్ని తన చేతిలో ఉంచుకునేవాడు. నా మటుకు నాకు అలీ వేగంలో సగం అతని కాళ్ళదే.

అపోహ: చెయ్యి వేగం ఉంటే గెలుపు మనదే.

మెల్డ్రిక్ టేలర్‌ను అడగాలి. 1990 మార్చి 17న హూలియో సీజర్ చావెజ్ మీద అతని చేతులు పదకొండు రౌండ్లపాటు చెలరేగాయి. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి లెక్కలో అతనే ముందున్నాడు. పన్నెండో రౌండ్‌లో పడిపోయి లేచాడు. ఇంకా రెండు సెకన్లు ఉందనగా రిఫరీ రిచర్డ్ స్టీల్ ఆట ఆపేశాడు. తక్కువ గుద్దులే అయినా చావెజ్‌వి బరువైనవి.

వేగం దండగైన కాలం ఇంకొకటుంది. 1992 బార్సిలోనా నుంచి ఒలింపిక్స్‌లో మీట నొక్కే పద్ధతి వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను తేడాలో నొక్కితేనే పాయింటు. వరసగా నాలుగు గుద్దులు విసిరితే నాలుగూ లెక్కకెక్కుతాయన్న నమ్మకం లేదు, కొట్టే చెయ్యి నొక్కే వేలును దాటిపోయేది. ఆ పద్ధతిని 2013లో తీసేశారు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిట్పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించినప్పుడు అందరూ చేతుల వేగాన్నే మెచ్చుకున్నారు. రెండేళ్ళ తర్వాత పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో ఆమే 0-5తో ఓడింది. రెండేళ్ళలో చేతులు మొద్దుబారాయా? నాకలా అనిపించదు. ఎంత దూరంలో నిలబడి ఆడాలన్నది ఇస్తాంబుల్‌లో నిఖత్ నిర్ణయించింది, పారిస్‌లో వు యు నిర్ణయించింది.

ఇక, ‘మద్రాసులో అలీని కళ్ళారా చూశాం, ఆ వేగమే వేరు’ అనే పెద్దలు. చూసిన మాట నిజం. 1980లో అలీ వచ్చి నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడాడు. అప్పుడతనికి 38 ఏళ్ళు. ఎదురుగా ఉన్నది అతని సొంత ఊరు లూయీవిల్ మనిషి, పాత సాధన జోడీ జిమ్మీ ఎల్లిస్. ఎల్లిస్ అప్పటికే రింగు నుంచి తప్పుకుని ఐదేళ్ళయింది. అదే ఏడు అక్టోబరు 2న లాస్ వెగాస్‌లో అవే చేతులు లారీ హోమ్స్ ముందుకు వెళ్ళాయి. పది రౌండ్లయ్యాక అలీని పదకొండో రౌండ్‌కు లేవనివ్వలేదు, అతని మూలలోని వాళ్ళే ఆపేశారు.