కరెంటు బండికి మేత ఎక్కడ?

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్త తయారుచేసిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరింది. సుమారు నూరు కిలోమీటర్ల దారి. మధ్యలో ఇంధనం అడుగంటింది. పెట్రోల్ బంకు అన్న మాటే పుట్టని రోజులవి. వీస్‌లోక్ అనే ఊళ్లో మందుల దుకాణానికి వెళ్లి, బట్టల మరకలు పోగొట్టే లిగ్రోయిన్ అనే ద్రావకం కొని బండిలో పోసుకుంది. ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు ఆ మందుల దుకాణమేనంటారు.

తెలంగాణలోని నిర్మల్ నుంచి భైంసా మీదుగా నాందేడ్ వెళ్లే 61వ నంబరు జాతీయ రహదారిపై ఎలక్ట్రిక్ కారు ఎక్కేవారికీ అదే బెంగ. కానీ కరెంటు సీసాలో దొరికేది కాదు. హైవేకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. నిర్మల్, భైంసాల మధ్య దూరం దాదాపు 40 కిలోమీటర్లు. ఆ లెక్కన రెండు ఊళ్లలో ఉన్నా, దారి మధ్యలో ఇంకొకటి కావాలి.

బంకు పక్కన ఓ ప్లగ్గు పెడితే పోదా? ఇక్కడే అసలు చిక్కు.

బంకులో గొట్టం నిమిషానికి సుమారు 35 లీటర్లు పోస్తుంది. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే నిమిషంలో 300 యూనిట్ల పైచిలుకు ట్యాంకులోకి దిగుతుంది. 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ అదే నిమిషంలో ఇచ్చేది ఒక్క యూనిట్. పెట్రోల్ ఇంజిన్ తాగిన దాంట్లో పావు వంతే చక్రాలకు అందిస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటారు పదింట తొమ్మిది వంతులు పనికి తెస్తుంది. ఇది కలిపి చూసినా తేడా ఎనభై రెట్లకు తగ్గదు.

ఆ 60 కిలోవాట్లను రైతు లెక్కలో చెప్పుకుంటే, 5 హెచ్‌పీ మోటార్లు పదహారు ఒకేసారి ఆన్ చేసినట్టు. అన్ని మోటార్లు ఒక్కసారి వేస్తే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి చార్జర్ కంటే ముందు దానికి వేరే లైను, వేరే ట్రాన్స్‌ఫార్మర్ రావాలి. ఆ పని ఈ ప్రాంతానికి కరెంటిచ్చే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ చేతిలో ఉంటుంది.

ఫాస్ట్ చార్జింగ్‌ను చాలామంది 80 శాతం దగ్గర ఆపేస్తారు. కారణం భైంసా పత్తి మార్కెట్‌లో కనిపిస్తుంది. సంచిలో మొదటి గుప్పెడు పత్తి వేస్తే చాలు పడిపోతుంది. నోటి దాకా నింపాలంటే కాళ్లతో తొక్కి కుక్కాలి. బ్యాటరీలోకి లిథియం అయాన్లు చేరడమూ అంతే. నిండేకొద్దీ వేగం తగ్గించకపోతే బ్యాటరీ దెబ్బతింటుంది.

పెట్రోల్‌కు మరో ప్రత్యామ్నాయమైన ఇథనాల్‌కు ఈ చార్జింగ్ బాధ లేదు. 20 శాతం కలిపిన పెట్రోల్ పాత బంకులోనే, పాత గొట్టంతోనే వస్తుంది. అయితే భారం బంకు నుంచి ఫ్యాక్టరీకి మారుతుంది. 2024 నవంబర్‌లో దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ చుట్టుపక్కల ఊళ్ల జనం ఈ నిర్మల్–భైంసా రోడ్డుపైనే బైఠాయించారు. ప్రభుత్వం పనులు ఆపించింది.

అలాగని భైంసా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. స్కూటర్ బ్యాటరీ నిండడానికి మూడు నాలుగు యూనిట్లు చాలు. చాలా ఆటోలకు పది లోపే. వీటికి మామూలు 15 యాంప్స్ ప్లగ్గు సరిపోతుంది. బస్సులు రాత్రికి డిపోకే చేరతాయి గనుక చార్జర్లు అక్కడే పెట్టుకోవచ్చు. 2024లో కరీంనగర్ డిపోకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చింది ఈ పద్ధతిలోనే. బండి గంటల తరబడి ఊరికే నిలబడే చోటు చూసి చార్జర్ పెట్టాలి: ఆటో స్టాండు, మార్కెట్ యార్డు, బస్టాండు. ఫాస్ట్ చార్జర్ కావలసింది హైవే ధాబా దగ్గర.

ఎలక్ట్రిక్ బండ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ మాఫీ చేసింది. ఆ లాభం చూసి షోరూమ్‌కు వెళ్లేవారు ముందు ఇంట్లో రెండు చూసుకోవాలి: మీటరుకు మంజూరైన లోడు ఎంత, ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందా. కారు 15 యాంప్స్ ప్లగ్గు నుంచి గంటకు మూడు యూనిట్లకు పైగా లాగుతుంది, అదీ రాత్రంతా.